ట్రంకాల్ రోజుల విలేకరి

శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట పాత విలేకర్లంటే నాకు గౌరవం. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కాసేపటికే బంగాళాఖాతంలో పడింది. రెండో దశలో నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తర్వాత తేలింది. ఈ ముక్క పులికాట్ జాలరికీ అర్థమయ్యేలా రాయాలి. పైగా బుక్ చేసిన ట్రంకాల్ ఫోన్ కోసం పడిగాపులు, కలిశాక అవతలి సబ్ ఎడిటర్‌కు వినబడక ఉపగ్రహం పేరు "రో... హి... ణి" అని గొంతు చించుకోవడం.

1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. బరువు 35 కిలోలే, రెండు బస్తాల బియ్యమంత కూడా లేదు!

ఇప్పుడు ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు నమూనా రాకెట్‌తో తిరుమల వస్తే, ఫొటో క్షణంలో డెస్కుకు చేరిపోతుంది. ఆ పాత విలేకర్లలో ఓ పెద్దాయన నోటుబుక్కు చూశాను: చెమటకు సిరా అలుక్కుపోయింది, అంకెలు మాత్రం రెండుసార్లు దిద్ది ఉన్నాయి.