నెలవంక కనబడకపోతే

కడుపు చెక్కలా బిగుసుకుపోయిన రోగికి మొదట తీయించేది తరచు నిలబెట్టి తీసే ఛాతీ ఎక్స్‌రే. జీర్ణాశయానికో పేగుకో చిల్లు పడితే లోపలి గాలి బయటపడి పైకి చేరుతుంది. కుడివైపు డయాఫ్రానికీ కాలేయానికీ నడుమ నల్లని నెలవంకలా నిలుస్తుంది. కింద కాలేయం తెల్లగా ఉంటుంది కనుక ఆ నలుపు దాగదు. ఎడమవైపైతే జీర్ణాశయంలో మామూలుగా ఉండే గాలి బుడగే తికమకపెడుతుంది. నెలవంక కనబడితే, ఈమధ్య పొట్ట ఆపరేషన్ జరగలేదని, అది 1910లో కిలాయిడిటి అనే వైద్యుడు వర్ణించినట్టు కాలేయం పైకి ఎక్కిన పెద్దపేగు కాదని తేల్చుకుంటే, అనుమానం దాదాపు తీరినట్టే. కనబడకపోతే మాత్రం ఏమీ తీరలేదు. "గాలి కనబడలేదు" అన్న రిపోర్టును "చిల్లు లేదు" అని చదవడమే అసలు ప్రమాదం.

ఎందుకంటే గాలి కనబడకపోవడానికి చిల్లు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. చిన్న చిల్లును పక్కనున్న కొవ్వు పొర వచ్చి మూసేయవచ్చు. చిన్నపేగు మొదటి భాగంలో వెనుక గోడకు పడితే గాలి వెన్నువైపే చిక్కుకుపోవచ్చు. వీటికి మన తొందర తోడవుతుంది. ఓపికగా సరైన భంగిమలో తీస్తే ఒక్క మిల్లీలీటరు గాలి కూడా పట్టుబడుతుందని 1971లో మిల్లర్, నెల్సన్ అనే పరిశోధకులు చూపించారు. గాలి పైకి చేరడానికి పది నిమిషాలైనా రోగిని కూర్చోబెట్టాలి. కూర్చోలేని వారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కిరణం అడ్డంగా వెళ్లేలా తీస్తే గాలి కాలేయం పక్కన తేలుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో కొద్దిపాటి గాలి కనబడలేదంటే ఆశ్చర్యమేముంది?

"అందరికీ సీటీ తీస్తే పోలా?" అనవచ్చు. నిజమే, సీటీ చిన్న బుడగలనూ చూపుతుంది, చిల్లు ఎక్కడో కూడా తరచు చెబుతుంది. ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, కడుపు మాత్రం బిగుసుకునే ఉంటే సీటీ తప్పనిసరి. కానీ నెలవంక స్పష్టంగా ఉండి, బీపీ పడిపోతున్న రోగిని స్కానర్ కోసం ఆపడం ఆపరేషన్‌ను ఆలస్యం చేయడమే. సీటీ లేని చిన్న ఆసుపత్రిలో రోగిని పెద్దాసుపత్రికి పంపాలా వద్దా అన్నది తరచు ఆ ఒక్క ఫిల్మే తేల్చాలి. ఏ పరీక్షకైనా, చిల్లు అనుమానం ఉన్నచోట పేగు స్పష్టంగా కనబడేందుకని బేరియం తాగించకూడదన్నది పాత పాఠం: అది కడుపు కుహరంలోకి కారితే తీవ్రమైన వాపు తెస్తుంది, అవసరమైతే నీటిలో కరిగే మందే వాడాలి.

కాబట్టి రిపోర్టులో గాలి ఉందా లేదా అన్నదొక్కటే రాస్తే చాలదు. రోగిని ఎలా ఉంచి, ఎంతసేపు ఉంచి ఫిల్మ్ తీశారో కూడా రాయాలి. ఆ వాక్యం ఉంటేనే "కనబడలేదు" అన్న మాట విలువెంతో సర్జన్‌కు తెలుస్తుంది.