అతిథి ఎవరు? - గుస్సాడీ ఆటను గురించి

ప్రజాకళలను గురించి మన సభలలో తీర్మానాలకు ఎన్నడూ కొదవ లేదు. వాటిని కాపాడాలంటాం, ఉద్ధరించాలంటాం, ప్రజలలోకి తీసుకువెళ్ళాలంటాం. ప్రజలలోనే ఉన్న కళను మళ్ళీ ప్రజలలోకి తీసుకువెళ్ళడమేమిటో మాత్రం మనలో చాలామందిమి ఆలోచించం. నిర్మల్‌లో ఉన్నవారికి ఈ ఆలోచన కొత్తగా రానక్కరలేదు. పొణికి కర్రతో మా ఊరి నకాషీలు చేసే బొమ్మలు దేశంలోని అద్దాల బీరువాలన్నిటిలోకీ చేరాయి. బీరువా ముందు నిలబడిన వారికి బొమ్మ కనిపిస్తుంది. దాన్ని చెక్కిన చెయ్యీ కనిపించదు, ఆ చేతికి దొరకకుండాపోతున్న కర్రా కనిపించదు. ఇప్పుడు గుస్సాడీ ఆటను చూస్తున్న చూపు కూడా ఇదే. ఈ వ్యాసం ఆ చూపును గురించి.

వేదికమీద గుస్సాడీని చూడనివారు ఈ జిల్లాలలో తక్కువ. మంత్రిగారు దిగగానే నెమలీకల కిరీటాలు ధరించినవారు వరుసగా వస్తారు. ఒంటినిండా బూడిద, మెడలో రుద్రాక్షలు, భుజాన తోలు, చేతిలో దండం, కాళ్ళకు గజ్జెలు. ఐదు నిమిషాలు ఆడతారు. ఫొటోలు తీస్తారు. తర్వాత సభ మొదలవుతుంది. ఆ ఐదు నిమిషాలు చూసి మనం 'అద్భుతం' అంటాం. నిజానికి మనం చూసింది ఆటలో ఒక చిన్న ముక్క, అదీ తలకిందులుగా.

అసలు ఆట దండారి. ఆశ్వయుజ మాసంలో, వానకారు పంటలు చేతికి వచ్చేవేళ, రాజగోండుల గూడేలలో ఇది మొదలవుతుంది. మొదట 'భోగి' చేసి వాద్యాలనూ కిరీటాలనూ పూజిస్తారు. ఏత్మాసూర్ దేవుణ్ణి తలుస్తారు. గోదావరి ఒడ్డున గుడిరేవులో ఉన్న పద్మల్‌పురి కాకో దర్శనానికి దండారి బృందాలు వెళతాయి. గుస్సాడీ వేషం వేసినవాడు దీక్షలో ఉన్నవాడు. ఆ రోజులలో అతడు స్నానం చెయ్యడు, మంచమెక్కడు. దీపావళి వేళకు 'కోలబోడి'తో దీక్ష ముగుస్తుంది. గుస్సాడీలతోపాటు కోలలు వేసేవారుంటారు, ఆడవేషం కట్టిన కుర్రవాళ్ళుంటారు, డప్పూ గుమేలా పేప్రె వాయించేవారుంటారు, రాత్రి నవ్వించే చిన్న చిన్న ఖేల్‌లుంటాయి. నెమలీకల కిరీటం ఇంత పెద్ద సముదాయంలో ఒక అంగం మాత్రమే.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి. దండారి తన ఊరిలోనే కూర్చుని ఆడే ఆట కాదు. ఒక గూడెం దండు మరొక గూడేనికి విడిదికి వెళుతుంది. ఆ గూడెంవారు ఎదురువచ్చి తీసుకుపోయి, భోజనం పెట్టి, రాత్రంతా తామూ కలిసి ఆడతారు. గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవళ్ళ సగాలున్నాయి. ఒకే సగాలోనివారు వియ్యమందరు. ఈ రాకపోకలలోనే పెళ్ళి సంబంధాలు కుదురుతాయి, పాత తగవులు చల్లారతాయి. అంటే ఇక్కడ ఆడేవాడు అతిథి, చూసేవాడు గృహస్థు. చూసేవానికి ఒక బాధ్యత ఉంది: అన్నం పెట్టాలి, చోటివ్వాలి, రేపు తన దండుతో తిరిగి వెళ్ళాలి. మన వేదిక ఈ సంబంధాన్నే తిరగవేసింది. ఆడేవాణ్ణి కూలికి పిలిచిన మనిషిగా, చూసేవాణ్ణి ముఖ్య అతిథిగా మార్చింది. వలయం పోయి వరుస వచ్చింది. వలయంలో ఆటగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వరుసలో అందరూ పెద్దమనిషి ముఖం చూస్తారు. రూపంలో వచ్చిన ఈ మార్పు సామాజిక సంబంధంలో వచ్చిన మార్పే.

నాకీ సంగతి పుస్తకాలవల్ల తెలియలేదు. కొన్నేళ్ళ క్రితం ఖానాపూర్ దాటి ఉట్నూరు వైపు అడవిలోని ఒక గూడేనికి మిత్రులతో దండారి చూడబోయాను. రాత్రి తెల్లవార్లూ చూశాం. పొద్దున్న మాలో ఒకరు, వెలుతురు బాగుందనీ ఫోనులో చక్కగా పడుతుందనీ, ఇంకొక్కసారి ఆడమని అడిగారు. కుర్రవాళ్ళు ఆడబోయారు కూడా. పటేలు వారిని ఆపి, నవ్వుతూనే నన్నడిగాడు: “వచ్చిండ్రు సార్, మంచిగైంది. మరి మీ ఊరి దండారి మా ఊరికి ఎన్నడొస్తది?” నా దగ్గర జవాబు లేదు. ఆయన వేళాకోళమాడలేదు. వచ్చినవాడు తిరిగి పిలవాలన్నది ఆయనకు తెలిసిన మర్యాద. అది మాకు తెలియదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. థాయిలాండులో ఖోన్ అనే ముసుగుల నాట్యముంది. రామకథ దాని వస్తువు. అది రాచకొలువులో పెరిగింది. 1932లో నిరంకుశ రాజరికం ముగిసిన తర్వాత ప్రభుత్వ లలితకళల శాఖ చేతికి వచ్చింది. 2018లో యునెస్కో జాబితాకెక్కింది. ఈనాడు యాత్రికుడు భోజనం చేస్తూ నాట్య ఖండికలు చూడగల శాలలు ఆ దేశంలో ఉన్నాయి. ఐతే ఒక భేదం గుర్తించాలి. ఖోన్ మొదటినుంచీ ప్రభువు ఎదుట ఆడిన కళ. ప్రభువు స్థానంలో యాత్రికుడు వచ్చి కూర్చున్నాడు. దండారికి ప్రభువు లేడు. దానిముందు పీట వేసుకుని కూర్చునేవాడు లేని స్థానాన్ని కొత్తగా సృష్టించుకుంటున్నాడు.

ఇంతమాత్రాన దండారిలో ఉన్నదంతా ఆదర్శమని నేననడం లేదు. గిరిజన జీవితాన్ని స్వర్గంగా చిత్రించడం మధ్యతరగతి భ్రమ. గుస్సాడీ వేషం మగవారికే పరిమితం. గుస్సాడీ తాకితే రోగం పోతుందన్న నమ్మకం ఉంది; ఆస్పత్రి దూరమైనచోట ఆ నమ్మకం ప్రాణాంతకం కావచ్చు. కాని ఆస్పత్రిని దూరంగా ఉంచినవారే ఆ నమ్మకాన్ని చూసి నవ్వడం న్యాయం కాదు.

ఇక అసలు ప్రశ్న భూమి. అతిథికి అన్నం పెట్టాలంటే జొన్న పండాలి, జొన్న పండాలంటే చేను ఉండాలి. దండారి భూమి ఉన్న రైతు ఆట. 1860లో రాంజీ గోండును మా నిర్మల్‌లోనే మర్రిచెట్టుకు ఉరితీశారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరిగాడు. ఆ తర్వాతనే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని సలహా కోరింది. ఆయన మార్లవాయిలో నివసించి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, పట్టాలకోసం పాటుపడ్డాడు. ప్రభుత్వోద్యోగిగా ఆయన పరిమితులు ఆయనకున్నాయి. ఐనా తిన్న అన్నానికి బదులు చెల్లించాలని తెలిసిన అతిథి. మూడు దశాబ్దాల తర్వాత తిరిగివచ్చి చూస్తే ఆ భూములు చాలావరకు వలస వచ్చినవారి చేతుల్లో ఉన్నాయి. 1970లో చేసిన ఒకటి బై డెబ్బై చట్టం కాగితంమీద బలమైనదే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమిని అడగడానికి గుమిగూడిన గోండులపై తుపాకులు పేలాయి. ప్రభుత్వ లెక్కలోనే 13 మంది చనిపోయారు; ప్రజల లెక్క అంతకు ఎన్నో రెట్లు. 2006లో అటవీహక్కుల చట్టం వచ్చింది. ఐనా పోడు చేలమీద వివాదాలు ఆగలేదు.

అదే మార్లవాయికి చెందిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఢిల్లీదాకా గుస్సాడీని తీసుకువెళ్ళి, ఎందరో యువకులకు నేర్పిన మనిషి ఆయన. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ గౌరవం ఆయనకు న్యాయంగా దక్కింది. దాన్ని చులకన చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆటగానికి పతకమిచ్చే చెయ్యే అతని జాతి చేనికి కంచె వేస్తుంటే, ఆ వైరుధ్యాన్ని చెప్పడం విమర్శకుని పని.

చివరకు మన సంగతి. మన ఊరేగింపుల ముందు కూడా గుస్సాడీలను నడిపిస్తున్నాం. వారు ఆడి అలసి పక్కకు తప్పుకున్న తర్వాత మనం మైకు అందుకుంటాం. మంత్రిగారి సభకూ మన సభకూ జెండా రంగులో తప్ప ఈ విషయంలో తేడా ఎంత? గోండీలో ఒక్క వాక్యం మాట్లాడలేని మనం వారి కళను విశ్లేషిస్తున్నాం. ఈ వ్యాసం రాస్తున్న నాకూ ఆ నింద వర్తిస్తుంది.

విద్యార్థి మిత్రులు ఈ దీపావళికి దండారి చూడడానికి వెళ్ళాలి. కాని వెళ్ళేముందు ఆ గూడెంలో ఎవరి పట్టా ఏ కచేరీలో ఆగిందో కనుక్కుని వెళ్ళాలి. బడిలో పంతులు లేకపోతే ఆ సంగతి రాసుకుని రావాలి. వచ్చిన తర్వాత ఆ కాగితాలు పట్టుకుని కచేరీల చుట్టూ తిరగాలి. పటేలు అడిగిన ప్రశ్నకు నాకు ఇప్పటికి తోచిన జవాబు ఇంతే. మన ఊరి దండారి ఆ విధంగా వెళ్ళవలసి ఉంది.