వేలి కణుపూ – పరమాణువూ

పండుగ సభల్లోనూ, పిల్లల తెలుగు తరగతుల్లోనూ ఒక మాట తరచు వినవస్తూంటుంది: “పరమాణువు ఎంత ఉంటుందో మనవాళ్లు వేల ఏళ్ల కిందటే వేలితో కొలిచి చెప్పారు” అని. వెంటనే చప్పట్లు పడతాయి. చప్పట్లు పడ్డాక ఇక లెక్క చూసేవారుండరు. ఆ లెక్కను ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దామనే ఈ ప్రయత్నం.

ఈ మాటకు ఆధారం లలితవిస్తరమనే సంస్కృత బౌద్ధ గ్రంథం. అందులో అర్జునుడనే గణకుడు (పాండవ మధ్యముడు కాదు సుమా) సిద్ధార్థుణ్ణి పరీక్షిస్తాడు. ఏడు పరమాణురజస్సులు ఒక అణువు, ఏడు అణువులు ఒక త్రుటి. ఆపైన ఏడేసి రెట్లుగా కిటికీ వెలుగులో కనబడే ధూళి, కుందేటి ధూళి, గొర్రె ధూళి, ఆవు ధూళి, ఈరు, ఆవగింజ, యవగింజ, చివరికి వేలి కణుపు. మొత్తం పది మెట్లు. ఏడును పదిసార్లు వేసి హెచ్చిస్తే 28,24,75,249 వస్తుంది. వేలి కణుపులో అన్నోవంతు పరమాణువన్నమాట.

మరి వేలి కణుపు ఎంత? 4 సెంటీమీటర్లనుకొంటే జవాబు 0.14 నానోమీటరు. గ్రాఫైటులో పక్కపక్కనున్న రెండు కర్బన పరమాణువుల ఎడం 0.142. ఆహా అనిపిస్తుంది! కాని పన్నెండు కణుపులు ఒక జాన అని ఆ గ్రంథమే చెబుతున్నది. కణుపు 4 సెంటీమీటర్లయితే జాన 48 సెంటీమీటర్లు కావాలి. అది జాన కాదు, మూరకన్నా ఎక్కువ! జాన జానలాగే ఉండాలంటే కణుపు 1.9 సెంటీమీటర్లు కావాలి. అప్పుడు పరమాణువు 0.067కు దిగుతుంది. ఇంతలో ఇంకో చిక్కు. నేడు మన భాషలో అంగుళమంటే ఇంచి, అంటే 2.54 సెంటీమీటర్లు. ఆ లెక్కన 0.09. అటువైపు పరమాణువు మాత్రం ఒక్కటా? హైడ్రోజన్ వ్యాసం సుమారు 0.1, కర్బనం వెలుపలి హద్దు దాకా కొలిస్తే 0.34. వేలు మన ఇష్టం, పరమాణువు మన ఇష్టం అయినప్పుడు సరిపోకపోవడమే కష్టం.

నా వృత్తికి తగిన పరీక్ష ఒకటుంది. తలలో ఈరు వైద్యుడికి కొత్త కాదు. దాని పొడుగు సుమారు 0.8 మిల్లీమీటరు, వెడల్పు 0.3. గ్రంథం లెక్కన కణుపులో 343వ వంతు, అంటే 0.055 మిల్లీమీటరే! కంటికి కనబడే ఈరు దగ్గరే వెడల్పు అయిదు రెట్లు, పొడుగు పద్నాలుగు రెట్లు తప్పింది. కిటికీ వెలుగులో కనబడే ధూళి ఆ లెక్కన 23 నానోమీటర్లు. వెలుగు తరంగమే 400 నానోమీటర్లకు పైబడి ఉంటుంది. అంత చిన్న రేణువు కంటికెలా కనబడుతుంది? చూసి కొలవగల మెట్లే ఇలా ఉంటే, చూడలేని చివరి మెట్టును కొలిచారని ఎలా అంటాం?

ఇతర గ్రంథాలూ ఉన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిదేసి రెట్లుగా అయిదే మెట్లు. పరమాణువు అంగుళంలో 32,768వ వంతు, అంటే 0.58 మైక్రాను. వరాహమిహిరుడి బృహత్సంహితలో ఆరు మెట్లు, 72 నానోమీటర్లు. పైగా ఆయన పరమాణువంటే కిటికీలోంచి పడే ఎండలో కనబడే రజస్సే అన్నాడు. ఒకే పేరుకు మూడు కొలతలు. పెద్దదానికీ చిన్నదానికీ ఎనిమిది వేల రెట్లకు పైగా తేడా. వీటిలో మనకు నచ్చినదాన్ని పట్టుకొని తక్కినవి దాచడం శాస్త్రమూ కాదు, పూర్వులకు గౌరవమూ కాదు.

అయితే పూర్వులు చేసినది తక్కువ పనా? కాదు. కంటికి కనబడని చోటికి హెచ్చవేత మెట్లు కట్టుకొని దిగవచ్చునన్న ఊహ గొప్పది. అది విభజన, కొలత వేరు. కొలత ఎలా ఉంటుందంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర ఒక చెరువు మీద చెంచాడు నూనె పోస్తే అది అరెకరం పరచుకొన్నదని 1774లో ప్రచురించాడు. ఆ నూనెను ఆ వైశాల్యంతో భాగిస్తే పొర మందం రెండు మూడు నానోమీటర్లు. ఆ భాగహారం ఆయన చేయలేదు. 1890లో లార్డ్ రేలీ అలాంటి పొరనే కొలిచి 1.6 అని తేల్చాడు. ఎవరైనా మళ్లీ చేసి చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. కొలత లక్షణం అది.

మన జాన, మూర, బారలను పిల్లలకు చెప్పడానికి అబద్ధం అక్కరలేదు. జాన 9 అంగుళాలనుకొంటే, అందులో హైడ్రోజన్ పరమాణువులు వరుసగా పేర్చితే సుమారు 228 కోట్లు పడతాయి. మూరెడు పూలదండ పొడుగున 457 కోట్లు. మన ఒక్కొక్క కణంలోని డి.ఎన్.ఎ. దారాన్ని సాగదీస్తే రెండు మీటర్లు, అంటే బారకు కాస్త ఎక్కువ. చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. సెకనుకు ఒక నానోమీటరు పైచిలుకు, పది పరమాణువుల వెడల్పు. ఈ వాక్యం చదివేలోగా మీ గోరు ఎన్ని పరమాణువులు పెరిగిందో పిల్లలనే లెక్క వేయమనండి.

ఇక్కడి బడిలో పిల్లవాడు ప్రతిదానికీ రుజువు చూపడం నేర్చుకొంటున్నాడు. సభలో మనం చెప్పిన గొప్ప ఆ పరీక్షకు నిలవకపోతే వాడు ఆ ఒక్క మాటనే వదలడు. దానితోపాటు మన భాషనూ, గ్రంథాలనూ నమ్మదగనివని పక్కన పెడతాడు. ఆ నష్టం పూడ్చడం కష్టం. కనుక రాబోయే సభలో ఎవరైనా వేలు చూపి పరమాణువంటే, చప్పట్లకు ముందు మర్యాదగా అడుగుదాం: “ఏ వేలండీ? ఏ కణుపు?”