ఆమ్‌పూల్‌లో మిగిలినదేది? శిలీంధ్ర వర్ధనాల హిమశుష్కీకరణపై విమర్శనాత్మక పరిశీలన

అమెరికాలోని పియోరియా ప్రయోగశాల నుంచి రేపర్, అలెగ్జాండర్ 1945లో ప్రచురించిన వ్యాసం తరువాత, శిలీంధ్ర వర్ధనాలను భద్రపరచడంలో హిమశుష్కీకరణ (లయోఫిలైజేషన్) ప్రామాణిక పద్ధతిగా స్థిరపడింది. సిద్ధబీజాలను వెన్న తీసిన పాలలో కలిపి గడ్డకట్టించి, శూన్యంలో మంచును నేరుగా ఆవిరిగా మార్చి, గాజు ఆమ్‌పూల్‌ను కరిగించి మూసివేస్తారు. ఆపై తపాలాలో పంపినా చెడదు. ఈ సౌలభ్యమే పద్ధతి పట్ల విమర్శను మందగింపజేసింది.

సాధారణంగా జరిగే పరీక్ష ఒక్కటే: ఆమ్‌పూల్‌ను తెరిచి, యానకంపై వేసి, పెరిగితే వర్ధనం సజీవమని నమోదు చేయడం. అయితే నూటికి ఒక్క సిద్ధబీజం బతికినా పళ్ళెం నిండా బూజు పెరుగుతుంది. తక్కిన తొంభైతొమ్మిదీ నశించాయన్న సంగతి ఆ పెరుగుదలలో కనిపించదు. ఒకే తంతువులో భిన్న కేంద్రకాలు గల శిలీంధ్రాల విషయంలో ఇది చిన్న లోపం కాదు. ఎండబెట్టడాన్ని తట్టుకున్నవే మిగిలితే, భద్రపరచినదీ తిరిగి లభించినదీ ఒకటేనని చెప్పడానికి ఆధారం ఉండదు. సిద్ధాంత గ్రంథాలలో ‘లయోఫిలైజ్ చేసి భద్రపరచడమైనది’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టడం అందుకే అంగీకారయోగ్యం కాదు. ఎండబెట్టక ముందు, తరువాత మొలకెత్తిన శాతం, అంతకుముందు జరిగిన ఉపవర్ధనాల సంఖ్య అక్కడ ఉండి తీరాలి. (అగార్ వాలుపై పదేపదే మార్చడం ఇంతకంటే మేలని కాదు, అక్కడ క్షీణత మరింత వేగంగా వస్తుంది.)

రెండవ పరిమితి తెలుగు నేలకు దగ్గరిది. నిజామాబాదు పసుపు రైతును పీడించే దుంపకుళ్ళుకు కారణమైన పిథియం ఈ పద్ధతికి సాధారణంగా లొంగదు. వర్గీకరణ రీత్యా అది నిజమైన శిలీంధ్రం కాకున్నా, వృక్షవ్యాధి శాస్త్రజ్ఞుల సేకరణలలో శిలీంధ్రాల సరసనే ఉంటుంది. ఎండను ఓర్చే కొనీడియాలు దానికి లేవు. పలుచని తంతువులు శూన్యంలో చితికిపోతాయి. దానికి −196 డిగ్రీల ద్రవ నత్రజని తగినది. ఆ వసతి లేని జిల్లా కళాశాలలో, కాస్టెల్లానీ 1939లో సూచించిన శుద్ధజల పద్ధతి ఖరీదైన యంత్రం కంటే నమ్మదగినది: క్రిమిరహితం చేసిన నీటి సీసాలో అగార్ ముక్కలు వేసి, బిరడా బిగిస్తే చాలు.

పేటెంట్ నిక్షేపాల విషయంలో బాధ్యత ఇంకా బరువైనది. బుడాపెస్ట్ ఒప్పందం ప్రకారం వర్ధనాన్ని కనీసం 30 ఏళ్ళు నిలపాలి. చండీగఢ్‌లోని ఎం.టి.సి.సి. 2002 నుంచి ఆ గుర్తింపు గల సంస్థ. ముప్పై ఏళ్ళ తరువాత ఆమ్‌పూల్ తెరిచేవారికి తొలినాటి మొలక శాతం అందుబాటులో లేకపోతే, తమ చేతిలోని బూజును దేనితో పోల్చుకోవాలో వారికి తెలియదు.