మూడు గంటల జపము

మధ్యాహ్నము మూడు గంటలు ప్రభువు సిలువపై ప్రాణము విడిచిన వేళ యగుటచే, ఆ సమయమున దివ్య కారుణ్య జపమాల చెప్పుకొనుట కథోలికులలో పలువురకు అలవాటు. జగ్గయ్యపేట, నందిగామల మెరకసీమలో మిరప కల్లాలలో తాలుకాయ ఏరు స్త్రీలు ఆ యెండలోనే వంగి పని చేయుచుండగా, నేను నీడపట్టున జపమాల చేతబట్టుదును. ఆ రెంటి సామీప్యమే నన్ను ఆలోచింపజేయుచున్నది.

ఈ జపమును 1935లో విల్నియస్ నగరమున వ్రాసియుంచినది ఫౌస్తీనా యను పోలెండు సన్యాసిని. మఠమున వంట చేసి, తోటపని చూచి, వాకిట ద్వారపాలికయై బీదలకు ఆహారమిడి, ముప్పది మూడేండ్ల ప్రాయమున 1938లో గతించిన ఆమెను, రెండవ జాన్ పాల్ పోపుగారు 2000 ఏప్రిల్ 30న పునీతురాలిగా ప్రకటించి, పాస్కా తరువాతి ఆదివారమును దివ్య కారుణ్యమునకు అంకితము చేసిరి.

జపమాలయందలి ఏబది చిన్న పూసల మీదను భక్తుడు యాచించునది తన యొక్కనికి గాక సర్వలోకమునకును కరుణయే. అట్లు ఏబది మారులు యాచించి లేచినవాడు కూలిడబ్బు రేపు చూతమనెనేని, ఆ యాచనకు ప్రాణమెక్కడిది? నిజమునకు కూలి చెల్లించుట న్యాయము మాత్రమే. కరుణ దానిని దాటి పోవలసినదే గాని, దానిని ఎగవేయుటకు సాకు కారాదు. అందుచేతనే కాబోలు, పొరుగువానికి కరుణ చూపు మార్గములు మూడని ఫౌస్తీనా తన దినచర్యలో వ్రాసినపుడు క్రియ మొదటను, మాట పిదపను, ప్రార్థన కడపటను నిలిచినవి.

2024 సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి నందిగామ చెంత ఐతవరము కడ హైదరాబాదు రహదారిని ముంచినపుడు, మత్తయి సువార్త 25వ అధ్యాయము చెప్పు ఆకలి, దాహము, నిలువనీడ లేమి యన్నియు ఒక్కమారే ఈ సీమ గడపలోనికి వచ్చినవి. ఎవరిది ఏ మతమని అడుగుటకు వరద వ్యవధి నీయలేదు; సువార్తయు ఆ ప్రశ్న నడుగదు.

కనుక తోడి విశ్వాసులకు నా మనవి యిది: కారుణ్య ఆదివారమున గుడిలో పూజ ముగిసిన పిమ్మట, మీ విచారణలో మంచముపట్టిన ఒక్కరి యింటికైనను పోయి రండు. వారికేమి కావలెనో వారినే అడుగుడు.