బండి రేపటికి అక్కర్లేదని చెప్పండి

సైలెన్సర్ విప్పాలంటే తీయాల్సింది రెండే నట్లు. పది నంబరు పానా చేతిలో ఉంటే పది నిమిషాల పని. కొత్త బండి మాట అది. ముప్పై ఏళ్లు దాటిన హీరో హోండా సీడీ 100 అయితే ఆ రెండు నట్లే ఒక పూటంతా మింగేస్తాయి. విసుగొచ్చి బలం చూపించామా, ఇంజను హెడ్డునే లేత్ షాపుకి మోయిస్తాయి.

1985లో హర్యానాలోని ధారూహేడా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన బండి అది. 97.2 సీసీ ఇంజను. మన ఊళ్లలో పాలవాళ్లనీ పంతుళ్లనీ బీమా ఏజెంట్లనీ ఏళ్ల తరబడి మోసింది. దాని సిలిండర్ నిలబడి ఉండదు, ముందుకు వాలి దాదాపు పడుకుని ఉంటుంది. అందుకే కార్బురేటర్ గొట్టం హెడ్డుకి పైన, సైలెన్సర్ గొట్టం కింద. ముందు చక్రం చిమ్మే బురదంతా ఆ కింది నట్ల మీదికే పోతుంది. కాలడం, వాన నీళ్లు పడి చల్లారడం, మళ్లీ కాలడం, ఇదే వాటి బతుకు. విశాఖలాంటి చోట ఉప్పుగాలి కూడా తోడవుతుంది.

తుప్పు పట్టిన ఇనుము ముందున్నదానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకీ, అది ఎక్కే మరల కడ్డీకీ (స్టడ్డు) మధ్య మరల్లో ఉన్న వెంట్రుకవాసి సందుని తుప్పే నింపేస్తుంది. స్టడ్డు రెండో కొస అల్యూమినియం హెడ్డులో ఉంటుంది. ఉప్పు తడి తగిలితే ఉక్కుని ఆనుకున్న అల్యూమినియం తనే ముందు పాడైపోయి తెల్లటి పొడి కడుతుంది. అంటే మనం ఒక నట్టు విప్పుతున్నామనుకుంటాం గానీ అక్కడ రెండు పట్లు ఉన్నాయి. ఏది ముందు వదులుతుందో పానాకి తెలియదు. రెండూ వదలకపోతే మధ్యలో స్టడ్డు తెగుతుంది.

మా వాడలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన పని చేస్తుంటే పక్కన నిలబడి చూడటం నాకు ఇష్టం. ముందు వైరు బ్రష్షు తీస్తాడు. నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన మరల్ని ఇనుము మెరిసేదాకా రుద్దుతాడు. చాలామంది వదిలేసేది ఇదే. నట్టు ఆ మరల మీదుగానే కదా రావాలి! తర్వాత నూనె. మార్కెట్లో దొరికే నీలం పసుపు డబ్బా గురించి నాకో అభిప్రాయం ఉంది. డబ్ల్యూడీ-40 అనేది 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తడిని తోలెయ్యడానికి తయారైన సరుకు. అట్లాస్ క్షిపణి తొడుగుకి తుప్పు పట్టకుండా మొదట వాడారు. పనికిరాదనను, కానీ మొండి స్టడ్డు దగ్గర దాన్నొక్కదాన్నే నమ్ముకోను. సందుల్లోకి ఇంకడానికే చేసిన పెనట్రేటింగ్ ఆయిల్ వేరే ఉంది. ఏది పోసినా సాయంత్రం పోసి, పొద్దున్న మళ్లీ పోయాలి.

ఆ తర్వాత ఆరు పలకల బాక్సు పానా. పన్నెండు మూలల రింగు అయితే అరిగిన నట్టు అంచుల్ని ఇంకా గుండ్రం చేస్తుంది. ఇక కటింగ్ ప్లేయరూ స్క్రూ స్పానరూ ఆ దరిదాపులకే రాకూడదు.

"విప్పే ముందు ఓ నూలుపోగంత బిగించాలి బాబూ" అంటాడాయన.

"అసలే కదలట్లేదు, ఇంకా బిగించడమేంటి బాబాయ్?"

"ఎటు కదిలితే ఏంటి, తుప్పు పగలాలి గానీ."

కాస్త ముందుకి, కాస్త వెనక్కి, మధ్యలో మళ్లీ నూనె. కష్టమంతా ఇక్కడే. నట్టు వదిలేటప్పుడు "టిక్కు"మని చేతికి తెలుస్తుంది. స్టడ్డు మెలిపడి తెగబోతుంటే మాత్రం పానా ఏ చప్పుడూ లేకుండా మెత్తగా, సాగినట్టు తిరుగుతుంది. పాకం తీగ సాగడానికీ ముదరడానికీ ఉన్న తేడాలాగే, ఇది వేలికి తెలియాల్సిందే. ఆ మెత్తదనం తగిలిన క్షణాన పానా కింద పెట్టేసేవాడే పనివాడు.

అప్పుడు వేడి. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి స్టడ్డు హెడ్డులో పట్టేస్తే దాని చుట్టూ హెడ్డుని వేడి చేయాలి, నట్టు పట్టేస్తే నట్టుని. ట్యాంకు దింపి, దూరంగా పెట్టి, పోసిన నూనె తుడిచాకే మంట వెలిగించాలి.

పైన ఇన్‌టేక్ (కార్బురేటర్ గొట్టం) వైపు మంట మాటే ఎత్తొద్దు, అక్కడ పెట్రోలు ఉంటుంది. అక్కడి రోగం కూడా వేరు. ఆ బోల్టుల్ని తుప్పుకంటే మనుషులే ఎక్కువ పాడుచేస్తారు. ఆరు మిల్లీమీటర్ల మామూలు బోల్టుకి హోండా చెప్పే బిగింపు దాదాపు ఒక కేజీ-మీటరు. చిన్న పానాతో మణికట్టు బలం సరిపోతుంది. మనవాళ్లు భుజం బలం పెడతారు. మెత్తటి అల్యూమినియం మరలు బోల్టుతో పాటే ఊడొస్తాయి. అక్కడ గాలి లీకైతే ఐడిలింగ్ నిలవదు. కార్బురేటర్ని ఎన్నిసార్లు కడిగినా లాభం ఉండదు.

స్టడ్డు తెగితే? కొస కొంచెమైనా బయట మిగిలి ఉంటే దానికి కొత్త నట్టు వెల్డింగు పెట్టించడమే మేలు. పట్టూ దొరుకుతుంది, వేడీ తగులుతుంది. ఈజీ-అవుట్ అని ఎడమ మరల పనిముట్టొకటి అమ్ముతారు. సన్న స్టడ్డులో అది విరిగిందంటే అంతే సంగతులు. అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు దాన్ని తొలవలేదు. నేనైతే దాన్ని పెట్టెలోంచే తీయను.

ఇంతా చేసి, స్టడ్లు తెగడానికి మెకానిక్కు చేతకానితనం కంటే మన తొందరే పెద్ద కారణమని నా నమ్మకం. స్టూలు మీద కూర్చుని "అరగంటలో అయిపోద్దా?" అంటాం. ఆయన చేతిలో సుత్తి ఉంటుంది, వెనకాల ఇంకో నాలుగు బళ్లు ఉంటాయి. నూనె ఇంకడానికి ఒక రాత్రి కావాలని చెబితే మనం పక్క షాపుకి పోతామని ఆయనకి తెలుసు.

మీ ఇంట్లో నాన్నగారి పాత బండి ఉంటే, సైలెన్సర్ పని చేయించే ముందురోజే ఆ రెండు నట్ల మీద మీరే నూనె పోయండి. షాపులో వదిలేటప్పుడు బండి రేపటికి అక్కర్లేదని చెప్పండి. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వేయించి, మరలకి కాపర్ గ్రీజు రాయమనండి.