నఫీస్ సాదిక్: ప్రసూతి వార్డు నుంచి కైరో దాకా

నఫీస్ సాదిక్ 1929లో జౌన్‌పూర్‌లో పుట్టారు. కరాచీ డౌ మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివి, అమెరికాలోని బాల్టిమోర్‌లో ప్రసూతి వైద్యంలో తర్ఫీదు పొందారు. 1954 నుంచి దాదాపు పదేళ్లు పాకిస్తాన్ సైనిక ఆసుపత్రుల్లో స్త్రీల, పిల్లల వార్డులు చూశారు. ఎంతమందిని కనాలో, ఎప్పుడు కనాలో తల్లి చేతిలో లేకపోతే మందులొక్కటే చాలవన్న ఎరుక ఆమెకు అక్కడే కలిగింది. తర్వాతి పనికంతటికీ పునాది అదే.

పాకిస్తాన్ కుటుంబ నియంత్రణ మండలిలో పనిచేసి, 1971లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధిలో చేరారు. 1987లో దాని అధిపతి అయ్యారు. స్వచ్ఛంద విరాళాలతో నడిచే పెద్ద సమితి సంస్థకు మహిళ సారథ్యం వహించడం అదే మొదలు.

ఆమె నేర్పు తేటతెల్లమైంది 1994 కైరో జనాభా సదస్సులో. ఇలాంటి చోట ఒప్పందం కుదరని మాటలను ముసాయిదాలో చదరపు బ్రాకెట్లలో ఉంచుతారు. ఒక్కొక్క బ్రాకెట్ తీసేయడమే అసలు పని. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, రాజీలన్నీ అక్కడే పుడతాయి. గర్భస్రావంపై పేరా రోజుల తరబడి నలిగింది. అంతకుముందే, గర్భస్రావాన్ని వ్యతిరేకించే పోప్ రెండో జాన్ పాల్‌ను ముఖాముఖి కలిసినా ఆమె తన వాదన సడలించలేదు. చివరికి 179 దేశాలు కార్యాచరణ పత్రాన్ని ఆమోదించాయి. అందులో జనాభా సంఖ్యా లక్ష్యాలకన్నా స్త్రీల ఆరోగ్యం, చదువు, హక్కులు ముందుకొచ్చాయి. భారతదేశం కూడా 1996లో కుటుంబ నియంత్రణ లక్ష్యాల పద్ధతిని వదులుకుంది.

2000లో పదవీ విరమణ చేశాక ఆసియా, పసిఫిక్ ప్రాంతంలో ఎయిడ్స్‌పై సమితి ప్రత్యేక దూతగా పనిచేశారు. 2022లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.